నాలుగు బోల్టులు

డాలస్ దగ్గర ఒక హైస్కూలు రోబోటిక్స్ జట్టుకి 2024 సీజన్‌లో డబ్బు చాల్లేదు. ఫస్ట్ రోబోటిక్స్ పోటీ అంటే రిజిస్ట్రేషన్ ఫీజే వేల డాలర్లు. మోటార్లు, బ్యాటరీలు, అల్యూమినియం, శనివారం పిజ్జాలు దాని పైన. జట్టులో సగం మంది తెలుగు పిల్లలు. కోచ్ కూడా తెలుగాయనే. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రం స్కూలు వర్క్‌షాపు. ఆయన సంక్రాంతి సంబరాల్లో ఒక దాతని పట్టాడు.

దాతగారిది స్థలాల వ్యాపారం. స్థలాలు హైదరాబాద్ చుట్టుపక్కల, కొనేవాళ్ళు డాలస్ చుట్టుపక్కల. అరిసెలు తింటూనే అయిదు వేల డాలర్ల చెక్కు రాసిచ్చాడు. అడిగింది ఒక్కటే, రోబో ముందు భాగంలో తమ కంపెనీ పేరుండాలి.

"దానిదేముంది అన్నగారూ, పెద్ద స్టిక్కరు వేయిస్తాం" అన్నాడు కోచ్.

"స్టిక్కరు ఊడిపోద్ది బ్రదర్. బోర్డు నేనే చేయించి పంపిస్తాలే."

ఆ సంవత్సరం ఆట పేరు క్రెసెండో. నారింజరంగు ఫోమ్ రింగులని రోబో నేలమీంచి ఎత్తి, 'స్పీకర్' అనే గూట్లోకి విసరాలి. చివర్లో గొలుసు పట్టుకుని పైకి వేలాడాలి. అటు మూడు రోబోలు, ఇటు మూడు. మొదటి 15 సెకన్లు రోబో తన ప్రోగ్రాము ప్రకారం తనే ఆడుతుంది. తర్వాత 2 నిమిషాల 15 సెకన్లు పిల్లలు నడుపుతారు.

జట్టు పని పంచుకుంది. పెద్ద పిల్లలు చక్రాలు, విసిరే యంత్రం, ప్రోగ్రాము తీసుకున్నారు. మిగిలింది రేడియో. అరచేతిలో పట్టే డబ్బా. దాన్ని ఎక్కడో ఒకచోట తగిలించాలి. ఆ పని కొత్తగా చేరిన తొమ్మిదో తరగతి పిల్లకి ఇచ్చారు.

ఆ డబ్బా పని చిన్నదేం కాదు. డ్రైవర్లు పారదర్శకమైన గోడ వెనక నిలబడి జాయ్‌స్టిక్కులు తిప్పుతారు. వాళ్ళ ఆజ్ఞ ల్యాప్‌టాప్ నుంచి ఫీల్డుకి, ఫీల్డు నుంచి గాలిలో రోబో మీది రేడియోకి, రేడియో నుంచి వైరు మీద రోబో కంప్యూటర్‌కి చేరుతుంది. ఈ దారి ఎక్కడ తెగినా రోబో తనంతట తనే చచ్చుబడుతుంది. అంత బరువున్న యంత్రం పిచ్చెక్కినట్టు తిరక్కుండా పెట్టిన ఏర్పాటది. రేడియోకి కరెంటు ఒక్క లిప్తపాటు పోయినా మళ్ళీ మొదటి నుంచి లేవాలి. లేచి ఫీల్డుని పట్టుకునేసరికి అర నిమిషం పైనే పడుతుంది. ఆ రేడియోకి కరెంటు వెళ్ళేది గుండ్రటి పిన్ను ద్వారా. పాత ల్యాప్‌టాప్ ఛార్జర్లకి ఉండేలాంటిది. దానికి తాళమూ లేదు, మరా లేదు. తోస్తే వెళ్తుంది, లాగితే వస్తుంది.

పిల్ల ఇదంతా చదివింది. మోటార్లకి దూరంగా, చుట్టూ లోహం కమ్మకుండా, ముందు భాగంలో చోటు చూసింది. అల్యూమినియం యాంగిల్ కోసి చిన్న చట్రం చేసింది. రేడియో కింద రబ్బరు ముక్క వేసింది. చట్రాన్ని రోబో ఫ్రేముకి నాలుగు బోల్టులతో బిగించింది. కుదుపులకి వదులు కాకుండా లోపల ప్లాస్టిక్ చుట్టు ఉండే నైలాక్ నట్లు వాడింది. పిన్ను చుట్టూ హాట్ గ్లూ పెట్టి, వైరుని పక్కనే కట్టేసింది. తర్వాత రోబోని చేత్తో బాదింది. పెద్ద పిల్లలు నవ్వారు. రేడియో దీపాలు ఆరలేదు.

పోటీకి ముందురోజు సాయంత్రం బోర్డు వచ్చింది.

మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు. రెండడుగుల పొడవు, అడుగు ఎత్తు. పైన కంపెనీ పేరు, దాని కింద 'గేటెడ్ కమ్యూనిటీ ప్లాట్లు, ఎయిర్‌పోర్టుకి 20 నిమిషాలు' అని ఇంగ్లిషులో. ఎయిర్‌పోర్టు శంషాబాద్‌ది. అడుగున ఫోను నంబరు.

కోచ్ స్వయంగా డ్రిల్లు పట్టుకున్నాడు. నాలుగు మూలలా నాలుగు బోల్టులు. నైలాక్ నట్లు డబ్బాలో అయిపోయాయి. రాత్రి తొమ్మిదింటికి కారేసుకుని వెళ్ళి కొత్త ప్యాకెట్టు తెచ్చాడు. బిగించాక బోర్డుని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. రోబో మొత్తం ఊగింది, బోర్డు కదల్లేదు.

మర్నాడు ఇన్‌స్పెక్షన్‌లో రెండు అభ్యంతరాలు వచ్చాయి.

మొదటిది బరువు. ఆ సీజన్‌లో బంపర్లు, బ్యాటరీ కాకుండా రోబో 125 పౌండ్లు మించకూడదు. కాంటా 125.3 చూపించింది. బోర్డు రాకముందు అదే రోబో 122 తూగింది.

రెండోది రేడియో. దాని దీపాలు ఫీల్డు సిబ్బందికి కనబడాలని నియమం. మ్యాచ్ మధ్యలో ఏం తెగిందో వాళ్ళకి ఆ దీపాలే చెప్తాయి. ఇప్పుడు దీపాలకి ఎదురుగా 'ఎయిర్‌పోర్టుకి 20 నిమిషాలు' ఉంది.

"బోర్డు వెనక్కి మారుద్దామా అంకుల్?" అంది పిల్ల.

"ముందు పెడతామని మాటిచ్చాం నాన్నా."

"పోనీ, దీపాలున్నచోట రెండంగుళాల కంత పెడదాం. బరువు కూడా కొంచెం తగ్గుద్ది."

కోచ్ బోర్డు వైపు చూశాడు. "ఏ అక్షరం తీసేద్దాం?" అన్నాడు.

పిల్ల మాట్లాడలేదు. కోచ్ రోబో చుట్టూ ఒకసారి తిరిగి, రెండు రోగాలకీ ఒకటే మందు కనిపెట్టాడు. రేడియో చట్రం విప్పించేశాడు. చట్రమూ, రబ్బరూ, బోల్టులూ, నట్లూ కలిపి 0.4 పౌండు. రోబో 124.9కి దిగింది. రేడియోని పక్కనున్న నిలువు కమ్మీకి వెల్‌క్రో పట్టీతో అంటించి, మీద ఒక జిప్ టై వేశారు. దీపాలు బయటికి కనబడుతున్నాయి. పిన్ను మీది పాత గ్లూ విప్పేటప్పుడే ఊడొచ్చింది. కొత్త గ్లూ పెట్టడానికి గన్ను వేడెక్కేలోపు ఇన్‌స్పెక్టరు వచ్చేశాడు. దీపాలు చూశాడు, కాంటా చూశాడు, సంతకం పెట్టాడు.

జిల్లా పోటీలో ఒక్కో జట్టుకి 12 క్వాలిఫికేషన్ మ్యాచ్‌లు. ప్రతి మ్యాచ్‌కి ముందు ఇద్దరు పిల్లలు రోబో దగ్గర కూచునేవాళ్ళు. ఒకరు తొమ్మిదో తరగతి పిల్ల. పిన్ను లోపలికి నొక్కి, వైరు లాగి చూసి, చీటీ మీద టిక్కు పెట్టేది. రెండోవాడు ఒక కుర్రాడు. వాడికి కోచ్ మైక్రోఫైబర్ గుడ్డ ఇచ్చాడు. బోర్డు మీద రబ్బరు మరకలు పడితే తుడవాలి.

మొదటి రోజు మధ్యాహ్నం దాతగారు కుటుంబంతో వచ్చి ముందు వరసలో కూచున్నాడు. కోచ్ ఆయనకి ఆట వివరంగా చెప్పాడు. డీన్ కామెన్ అనే ఆయన 1989లో ఈ సంస్థ పెట్టిన సంగతి, 1992లో న్యూహాంప్‌షైర్‌లో ఒక స్కూలు జిమ్నాజియంలో మొదటి పోటీ జరిగిన సంగతి, ఇక్కడ పాయింట్లు బాగా వస్తే పై పోటీలకి వెళ్ళే సంగతి, అన్నిటికన్నా పైన హ్యూస్టన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఉన్న సంగతి. దాతగారు ఫోన్లో ఫొటోలు తీసుకుంటూ విన్నాడు.

మూడు మ్యాచ్‌లయ్యాక ఫోను కోచ్‌కి చూపించాడు. "ఏంటి బ్రదర్, ఒక్కటీ రాలేదు. అన్నీ గీతలే."

"స్పీడు అన్నగారూ. మన డ్రైవరు మంచి స్పీడు."

"పేరు పడట్లేదు. కాసేపు ఆగమనరాదా?"

"ఆగితే ఎదటివాళ్ళు రింగులు ఎత్తుకెళ్ళిపోతారు."

"అవునవును" అన్నాడు దాతగారు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

నిజంగానే రోబో బాగా ఆడుతోంది. నేలమీది రింగుని అందుకోవడం, తిరగడం, విసరడం మూడూ ఒక్క ఊపులో చేసేది. ఏడో మ్యాచ్‌లో మాత్రం ఎదటి రోబో పక్కనుంచి గుద్దినప్పుడు తెర మీద రేడియో సిగ్నలు గీత ఒక్కసారి కిందికి పడి లేచింది. అర సెకను. రోబో ఆగలేదు. పెద్ద పిల్లలెవరూ గమనించలేదు. తొమ్మిదో తరగతి పిల్ల డ్రైవర్ ల్యాప్‌టాప్‌లో లాగు ఫైలు తెరిచి, ఆ గీతని కోచ్‌కి చూపించింది.

"గెలిచాం కదమ్మా" అన్నాడు కోచ్. ఇంకో జిప్ టై వేసుకోమన్నాడు.

జట్లు రోబోలు బాగుచేసుకునే చోటుని పిట్ అంటారు. పక్క పిట్‌లోని జట్టువాళ్ళు ఆ పిల్ల రేడియోతో కుస్తీ పట్టడం చూశారు. ఈ పోటీల్లో ఒక మంచి అలవాటుంది. మైదానంలో కొట్టుకుంటారు, పిట్‌లో స్పానర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ జట్టు కుర్రాడొకడు త్రీడీ ప్రింటర్ మీద చేసిన రేడియో హోల్డరు ఒకటి తెచ్చిచ్చాడు. తమ దగ్గర అదనంగా ఉందట. నాలుగు మూలలా బోల్టు రంధ్రాలు, పిన్ను కదలకుండా చిన్న కొక్కెం. పిల్ల రెండు చేతులా పట్టుకుని కోచ్ దగ్గరికి పరిగెత్తింది.

కోచ్ దాన్ని కాంటా మీద పెట్టాడు. 0.2 పౌండు.

"124.9కి ఇది కలిపితే?" అన్నాడు.

"125.1" అంది పిల్ల.

"మరి?"

"బోర్డు ఒక మూల కొంచెం కోస్తే..."

ముందు వరసలో దాతగారి అబ్బాయి వీడియో తీస్తున్నాడు. కోచ్ హోల్డరు తిరిగి ఇచ్చేసి థాంక్స్ చెప్పమన్నాడు. పిల్ల వెళ్ళి ఇచ్చి, చెప్పి వచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం పొత్తుల ఎంపిక జరిగింది. నాలుగో పొత్తు నాయకులు మొట్టమొదట ఈ జట్టు పేరే పిలిచారు. మూడు జట్లు కలిస్తే ఒక పొత్తు. అలాంటివి ఎనిమిది. రెండుసార్లు ఓడిన పొత్తు ఇంటికి పోతుంది. వీళ్ళు మొదటిది ఓడారు. రెండోది గెలిచారు. మూడోది ఓడితే ఇక లేదు.

మూడో మ్యాచ్ మొదలైంది. మొదటి 15 సెకన్లలో రోబో ఎవరూ ముట్టుకోకుండా మూడు రింగులు వేసింది. జనం అరిచారు. డ్రైవర్లు జాయ్‌స్టిక్కులు అందుకున్నారు. ఇంకో రింగు. ఇంకోటి. 40వ సెకనులో రోబో సరిగ్గా ఫీల్డు మధ్యలో రింగు కోసం తిరుగుతుంటే, ఎదటి రోబో వచ్చి పక్కనుంచి గుద్దింది. తప్పేమీ కాదు, బంపరుకి బంపరు. వెల్‌క్రో వదిలేసింది. జిప్ టైలు రెండూ తెగలేదు. రేడియో వాటిలో జారి, తలకిందులుగా వేలాడింది. గుండ్రటి పిన్ను బయటికి వచ్చి, వైరు చివర ఊగుతోంది.

రోబో మీది నారింజ దీపం అంతవరకూ మినుకుమంటోంది. ఇప్పుడు మినుకుమనడం మానేసి నిలకడగా వెలిగింది. కరెంటుంది, ఆజ్ఞ లేదని దానర్థం. డ్రైవరు తెర మీద కమ్యూనికేషన్ గడి ఎర్రబడింది. వాడు జాయ్‌స్టిక్కుని అటూ ఇటూ తోశాడు. తర్వాత చేతులు తీసేశాడు.

మ్యాచ్ నడుస్తుండగా ఫీల్డులోకి మనిషి అడుగు పెట్టకూడదు. పిన్ను పెట్టడానికి వేలు వెడల్పు పని. ఆ వేలు గోడకి ఇవతల ఉంది.

1 నిమిషం 50 సెకన్లు రోబో ఫీల్డు మధ్యలో నిలబడింది. మొహం ప్రేక్షకుల వైపు. పొత్తులోని మిగతా రెండు రోబోలు దాని చుట్టూ తిరిగి ఆడాయి. ఎదటివాళ్ళు దాని పక్కనుంచే రింగులు పట్టుకుపోయారు. రెండుసార్లు గుద్దుకుంటూ కూడా పోయారు. బోర్డు ఒక్క నట్టు కదల్లేదు. కుర్రాడు బాగా తుడిచాడేమో, పైనున్న లైట్లు దాని మీద పడి మెరిశాయి. నెట్‌లో లైవ్ ఇచ్చే కెమెరా ఎటు తిరిగినా మధ్యలో అదే.

మూడు పాయింట్ల తేడాతో ఓడారు. అప్పుడు స్పీకర్లో రెండు రింగులు వేస్తే నాలుగు పాయింట్లు. ఈ రోబో ఆ రెండూ అర నిమిషంలో వేసేది.

కోచ్ ఫీల్డు సాంకేతిక సలహాదారు దగ్గరికి వెళ్ళాడు. మ్యాచ్ మళ్ళీ ఆడించమని అడిగాడు. ఆయన తన తెర తిప్పి చూపించాడు. మిగతా అయిదు రోబోల గీతలు మొదటి నుంచి చివరిదాకా తిన్నగా ఉన్నాయి. ఒక్కటి 40వ సెకనులో తెగింది. తప్పు ఫీల్డుదైతే మళ్ళీ ఆడిస్తారు, రోబోదైతే ఆడించరు. ఆయన ఏమీ అనకుండా, వేలాడుతున్న పిన్నుని పెన్నుతో చూపించాడు.

పొత్తులోని మిగతా రెండు జట్ల పిల్లలు వచ్చి చేతులు కలిపారు. బాగా ఆడారన్నారు. అందులో ఒకమ్మాయి ఏడ్చి మొహం కడుక్కుని వచ్చింది. ఆమెకి అది పన్నెండో తరగతి, ఆఖరి సంవత్సరం.

పిట్‌లో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. తొమ్మిదో తరగతి పిల్ల తన చీటీ తీసి చూసుకుంది. ఆఖరి మ్యాచ్ ఎదురుగా కూడా టిక్కు ఉంది.

అంతలో దాతగారు వస్తున్నాడని కుర్రాడు చెప్పాడు. కోచ్ ఎదురు వెళ్ళాడు.

"సారీ అన్నగారూ. అయిదు వేలిచ్చారు. మీరు చూస్తుండగానే ఇలా..."

"ఏంటి బ్రదర్, సారీ ఏంటి?" దాతగారు ఫోను తీశాడు. "ఇటు చూడు. నిన్నటి నుంచీ తీసినవన్నీ గీతలు. ఇది చూడు. ఇదిగో, ఇదీ. ఫోను నంబరుతో సహా పడింది."

కోచ్ చూశాడు. బోర్డు అక్షరం అక్షరం స్పష్టంగా ఉంది. వెనక ఎవరివో రోబోలు గీతల్లా పోతున్నాయి.

"అయిదు బళ్ళు అటూ ఇటూ పరిగెడితే ఎవడి పేరు ఎవడికి కనబడింది చెప్పు? నిలబడ్డది మనదొక్కటే. రెండు నిమిషాలు లైవ్‌లో మన బోర్డే. హైదరాబాద్ ఆఫీసులో రాత్రి మేలుకుని చూశారంట, ఇప్పుడే మెసేజి పెట్టారు. ఈ హాల్లోనే ఇద్దరు వచ్చి రేటు అడిగారు." ఆయన జేబులోంచి చెక్కుబుక్కు తీసి, రోబో బంపరు మీద పెట్టి రాశాడు. పది వేలు. "వచ్చే ఏడుకి. బోర్డు కూడా డబల్ సైజు చేయిస్తా. ఇలాగే పెట్టండి."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తొమ్మిదో తరగతి పిల్ల వేలాడుతున్న పిన్నుని చేతిలోకి తీసుకుంది.

"అంకుల్, వచ్చే ఏడు రేడియో బిగించమంటారా, వద్దా?"

"నీ ఇష్టం పాపా" అన్నాడు దాతగారు.

2025 సీజన్‌కి రోబో బరువు పరిమితిని 125 పౌండ్ల నుంచి 115కి తగ్గించారు. కొత్త బోర్డు ఏడు పౌండ్లు తూగింది.